అత్తయ్యతో, పాపతో న్యూయార్క్ క్రిస్మస్ వీకెండ్: ఏ వేళకి ఎక్కడ ఉండాలి

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉన్నప్పుడు, డిసెంబర్‌లో వాళ్ళకి న్యూయార్క్ లైట్లు చూపించాలని ఎవరికైనా ఉంటుంది. దాంతోపాటే టెన్షన్ కూడా మొదలవుతుంది. చలి, జనం, మెట్లు, బాత్రూమ్, తిండి. మా వర్జీనియాలో ఈ మాట అడిగినవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే: తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే ఏమేం చూడాలి అని లిస్టు రాసుకోవడం మానేసి, ఏ గంటకి ఎక్కడ ఉండాలో రాసుకోండి. రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ఏటా నిలబెట్టే పెద్ద క్రిస్మస్ చెట్టు దగ్గర ఉదయం ఆరింటికి చేతులు చాచి నిలబడేంత చోటుంటుంది. అదే చోట సాయంత్రం ఆరింటికి పాప చెయ్యి వదిలితే మళ్ళీ దొరకదేమో అనిపిస్తుంది.

మేం నలుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, రెండో తరగతి చదువుతున్న పాప, డెబ్బై దాటిన మా అత్తయ్య. అత్తయ్యది గుంటూరు. మోకాళ్ళ నొప్పులు, శుద్ధ శాకాహారం, పైగా ధనుర్మాసం. నాలుగున్నరకే లేచి కూర్చునే మనిషి. ఆవిడకి వీలుగా ఉన్నవేమిటో, ఆవిడ్ని ఇబ్బంది పెట్టినవేమిటో చూసుకునే ఈ రివ్యూ రాస్తున్నాను. పాతికేళ్ళ కుర్రాళ్ళు వెళ్తే వాళ్ళ లెక్క వేరు.

ముందు ఏ వీకెండ్ అన్నది తేల్చుకోవాలి. రాక్‌ఫెల్లర్ చెట్టుకి థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే బుధవారం లైట్లు వెలిగిస్తారు, జనవరి మధ్య దాకా ఉంచుతారు. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. స్కూలు సెలవుల వల్ల మేం క్రిస్మస్ ముందు వీకెండ్‌కే వెళ్ళాం, అన్నిటికంటే రద్దీ అప్పుడే. మీకు వీలు చిక్కితే డిసెంబర్ మొదటి వీకెండ్ పట్టుకోండి. లేదంటే న్యూ ఇయర్ అయిపోయాక వచ్చే వీకెండ్. అప్పటికి హోటల్ రేట్లు దిగొస్తాయి, చెట్టు ఇంకా ఉంటుంది, బ్రయంట్ పార్క్ ఐస్ రింక్ కూడా ఉంటుంది. కాకపోతే యూనియన్ స్క్వేర్, కొలంబస్ సర్కిల్ దగ్గర పెట్టే క్రిస్మస్ బజార్లు న్యూ ఇయర్‌కి ముందే సర్దేస్తారు. నన్నడిగితే ఆ బజార్ల కోసం అంత రేటు పెట్టి, అంత జనంలో పడనక్కర్లేదు. డిసెంబర్ మధ్యలో ఒక శనివారం శాంటాకాన్ అని జరుగుతుంది. శాంటా డ్రెస్సులు వేసుకున్న వేలమంది పొద్దున్నుంచీ బార్లు చుట్టబెడుతూ మిడ్‌టౌన్, అంటే మాన్‌హాటన్ నడిమి భాగం, అంతా తిరుగుతారు. పెద్దవాళ్ళతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళు టికెట్లు కొనే ముందే ఆ తేదీ చూసుకుని తప్పించుకోండి.

ఇక హోటల్. నలుగురం కదా, ఒక ఇల్లు అద్దెకి తీసుకుంటే కిచెన్ ఉంటుంది, అత్తయ్యకి వండుకోవచ్చు అని ఎవరికైనా అనిపిస్తుంది. న్యూయార్క్ సిటీలో అది కుదరదు. 30 రోజుల కన్నా తక్కువకి అద్దెకిచ్చే ఇళ్ళ మీద 2023 సెప్టెంబర్ నుంచి గట్టి రూల్ అమలవుతోంది. ఇంటివాళ్ళు రిజిస్టర్ చేసుకోవాలి, మీరున్నన్నాళ్ళూ వాళ్ళూ అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. కాబట్టి కుటుంబానికి హోటలే గతి. హోటల్లో రూమ్ రేటు మీద 14.75 శాతం టాక్స్, దానిపైన రాత్రికి మూడున్నర డాలర్లు పడతాయి. హోటళ్ళు వేరే పేరుతో తప్పనిసరిగా వసూలు చేసే ఫీజుల్ని మొదట చూపించే రేటులోనే కలపాలని 2025 మే నుంచి ఫెడరల్ రూల్ వచ్చింది. ఇదివరకు చివరి పేజీలో బయటపడే ఆ ఫీజు ఇప్పుడు ముందే కనిపిస్తుంది. టాక్స్ మాత్రం మీరే లెక్క వేసుకోవాలి.

మేం మాన్‌హాటన్‌లో దిగలేదు. ఈస్ట్ రివర్ అవతల, క్వీన్స్‌లోని లాంగ్ ఐలండ్ సిటీలో, కోర్ట్ స్క్వేర్ స్టేషన్‌కి నడక దూరంలో తీసుకున్నాం. ఈ ట్రిప్పులో మేం చేసిన మంచి పని ఇదే. కోర్ట్ స్క్వేర్ మీదుగా 7 నంబరు రైలు పోతుంది. ఒకవైపు ఎక్కితే గ్రాండ్ సెంట్రల్, బ్రయంట్ పార్క్, టైమ్స్ స్క్వేర్. రెండోవైపు ఎక్కితే మన ఇండియన్ షాపులుండే జాక్సన్ హైట్స్, చివర్లో ఫ్లషింగ్, అక్కడ మన గణపతి గుడి. మాకు కావలసినవన్నీ ఒకే లైను మీద. రైలు మారే పని లేదు, మారడానికి మెట్లెక్కి దిగే పని లేదు. న్యూయార్క్‌లో 472 సబ్‌వే స్టేషన్లుంటే లిఫ్టు సౌకర్యం ఉన్నవి సుమారు మూడో వంతే. అందుకని మోకాళ్ళ నొప్పులవాళ్ళతో వెళ్ళేటప్పుడు దగ్గర స్టేషన్ ఏదని కాకుండా, లిఫ్టున్న స్టేషన్ ఏదని వెతకాలి. కోర్ట్ స్క్వేర్‌లో 7కి లిఫ్టుంది. గ్రాండ్ సెంట్రల్‌లో, టైమ్స్ స్క్వేర్‌లో, ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్‌లో ఉంది. లిఫ్టు పనిచేస్తోందో లేదో, వీకెండ్ ట్రాక్ పనుల వల్ల రైళ్ళు ఆపారో లేదో బయల్దేరేముందు ఫోన్లో చూసుకోండి, వీకెండ్లలో ఆపడం మామూలే.

టికెట్ సంగతి తేలిక. ఇదివరకు సబ్‌వేకి వాడిన పసుపు మెట్రోకార్డు అమ్మకాలు 2025తో ఆగిపోయాయి. మన క్రెడిట్ కార్డే గేటు దగ్గర ట్యాప్ చేస్తే చాలు, ఒకే కార్డుతో నలుగురి దాకా వెళ్ళొచ్చు. మనిషికి 2.90 డాలర్లుండే చార్జీ 2026 జనవరి నుంచి 3 డాలర్లయింది. 44 అంగుళాల లోపు పిల్లలకి టికెట్ లేదు.

హోటల్ రూమ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శుభ్రంగా ఉంది, చిన్నగా ఉంది, హీటర్ రాత్రంతా గురక పెట్టింది. కాఫీ మెషీన్ ఉంది గానీ వేణ్ణీళ్ళ కెటిల్ లేదు. మేం చిన్న కెటిల్ తీసుకెళ్ళాం కాబట్టి అత్తయ్యకి తెల్లవారుజామున కాఫీ, రాత్రికి ఇన్‌స్టంట్ ఉప్మా ఇబ్బంది లేకుండా గడిచిపోయాయి. ఇది మాత్రం మర్చిపోకండి.

వర్జీనియా నుంచి కారులో కాకుండా రైల్లో వెళ్ళాం. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్లో ఆమ్‌ట్రాక్ ఎక్కితే మూడున్నర గంటల దరిదాపుల్లో న్యూయార్క్. 65 దాటినవాళ్ళకి చాలా రైళ్ళలో 10 శాతం తగ్గింపు, 2 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి సగం టికెట్. తేదీ దగ్గర పడేకొద్దీ రేట్లు పెరుగుతాయి కాబట్టి అక్టోబర్‌లోనే కొనేయండి. కారులో వెళ్ళి డౌన్‌టౌన్‌లో తిరుగుదామనుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. 2025 జనవరి నుంచి 60వ స్ట్రీట్‌కి దిగువన మాన్‌హాటన్‌లోకి కారు తెస్తే పగటిపూట 9 డాలర్లు కట్టాలి. వీకెండ్లలో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా. దారిలో టోల్‌గేట్లు, పార్కింగ్ దీనికి అదనం. డబ్బు అలా ఉంచితే, రైల్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు, బాత్రూమ్ ఉంటుంది, అత్తయ్య తెచ్చిన పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని తినొచ్చు. ఫిలడెల్ఫియా వచ్చేసరికి డబ్బా ఖాళీ.

శుక్రవారం సాయంత్రం సామాను హోటల్లో పడేసి 7 ఎక్కి గ్రాండ్ సెంట్రల్‌లో దిగాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు న్యూయార్క్‌ని ఇక్కడ మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. వెచ్చగా ఉంటుంది, టికెట్ లేదు, 1913లో కట్టిన స్టేషనైనా లోపల మెట్ల బదులు వాలుగా దిగే ర్యాంపులు చాలాచోట్ల ఉన్నాయి. అత్తయ్య గోడ పట్టుకుని హాయిగా నడిచింది. మెయిన్ హాలు మధ్యలో గడియారం దగ్గర నిలబెట్టి తలెత్తి చూడమన్నాం. పైకప్పంతా సముద్రపు పచ్చ రంగు ఆకాశం, దాని మీద బంగారు గీతలతో రాశులు.

"ఇదేంటమ్మాయ్, మన రాశులే కదా!" అంది అత్తయ్య. ఆవిడది వృషభం. ఎద్దు కనపడేదాకా మెడ దించలేదు. ఆ బొమ్మల్లో తూర్పు పడమరలు తారుమారయ్యాయని మా ఆయన చెప్తే, "పోనీలేరా, దేవుడు పైనుంచి చూస్తే అలాగే ఉంటుందేమో" అంది. అక్కడివాళ్ళు చెప్పుకునే సమర్థనల్లో అదీ ఒకటని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాను.

కింది అంతస్తుకి వెళ్ళే ర్యాంపు దగ్గర, ఆయిస్టర్ బార్ అనే రెస్టారెంటు ముందు, పెంకులు పరిచిన కమాను ఒకటుంది. దాని ఒక మూల గోడవైపు తిరిగి గుసగుసగా మాట్లాడితే, ఎదురు మూలలో చెవి పెట్టినవాళ్ళకి స్పష్టంగా వినపడుతుంది. గొంతు కమాను వంపు వెంట పాకి అవతలికి దిగుతుంది. మధ్యలో వందల మంది నడిచిపోతున్నా సరే. పాపని ఒక మూల, నాయనమ్మని ఒక మూల నిలబెట్టాం. "నాయనమ్మా, హాట్ చాక్లెట్ కొనిపెడతావా?" అని ఇది అడగడం, అత్తయ్య ఉలిక్కిపడి గోడని తడిమి చూడటం, తర్వాత నోరు గోడకి ఆనించి "అన్నం తిన్నాక" అని చెప్పడం. వెనక లైన్లో జనం ఎదురుచూస్తున్నా ఇద్దరూ కదల్లేదు. ఈ ట్రిప్పులో పైసా ఖర్చు లేకుండా దొరికిన సంతోషం ఇది.

అక్కడి నుంచి 42వ స్ట్రీట్ మీద రెండు బ్లాకులు నడిస్తే పబ్లిక్ లైబ్రరీ, దాని వెనకే బ్రయంట్ పార్క్. లైబ్రరీ మెట్ల పక్కనున్న రెండు రాతి సింహాల మెడలో డిసెంబర్‌లో పచ్చటి దండలు వేస్తారు, ఫోటోకి బాగుంటాయి. పార్క్‌లో ఐస్ రింక్ చుట్టూ గాజు గదుల్లాంటి చిన్న చిన్న షాపులు. రింక్‌లోకి ప్రవేశం ఉచితమే, మీ స్కేట్స్ మీరు తెచ్చుకుంటే ఖర్చు లేదు. స్కేట్స్ అద్దెకి తీసుకుంటే మాత్రం రోజుని బట్టి, గంటని బట్టి రేటు మారుతుంది. ముందే ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే వీకెండ్‌లో దొరకడం కష్టం. స్కేటింగ్ రాని పిల్లలు పట్టుకుని తోసుకుంటూ తిరగడానికి పెంగ్విన్ బొమ్మలు అద్దెకిస్తారు, పాప దాన్ని వదల్లేదు. షాపుల్లో మాత్రం నేను కొన్నది తక్కువ. వస్తువులు చూడముచ్చటగా ఉన్నాయి గానీ రేట్లు మండిపోతున్నాయి, హాట్ చాక్లెట్‌కే పెద్ద క్యూ. శుక్రవారం రాత్రి ఏడు లోపే ఇక్కడ ఊపిరాడుతుంది. శనివారం మధ్యాహ్నం ఇటు రావద్దు.

బ్రయంట్ పార్క్‌లో నేను నిజంగా మెచ్చుకునేది బాత్రూమ్. నవ్వకండి, పెద్దవాళ్ళతో తిరిగినవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. 42వ స్ట్రీట్ వైపు చిన్న రాతి కట్టడం. లోపల తాజా పూలతో పెద్ద పూలకుండీ, సన్నగా సంగీతం, ఎప్పుడూ తుడుస్తూ ఉండే మనిషి. పూలు నిజమైనవేనా అని అత్తయ్య ముట్టుకుని చూసింది. లైన్ ఉంటుంది, అయినా కదులుతుంది. అవసరం పడ్డాక కాకుండా ముందే వెళ్ళి నిలబడండి.

ఇక శనివారం తెల్లవారుజాము. మొత్తం వీకెండ్‌లో ఒక్క గంటే మీ చేతిలో ఉందంటే, ఈ గంటని తీసుకోండి.

చెట్టు లైట్లు మామూలు రోజుల్లో ఉదయం ఐదింటికే వేస్తారు. అర్ధరాత్రి దాకా ఉంటాయి. డిసెంబర్‌లో న్యూయార్క్‌లో సూర్యోదయం 7 దాటాకే. అంటే ఐదు నుంచి ఆరున్నర దాకా చీకట్లో చెట్టు మీ కోసం వెలుగుతూ ఉంటుంది, చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ధనుర్మాసం పుణ్యమా అని మా ఇంట్లో అందరికంటే ముందు తయారై కూర్చుంది అత్తయ్యే. చీర కింద థర్మల్ ప్యాంటు, ఊలు సాక్సులు, నా స్నో బూట్లు, మోకాళ్ళ కిందికి దిగే కోటు, తలకి గుంటూరు నుంచి తెచ్చిన మంకీ క్యాప్. పాపని నిద్రలోనే కోటు తొడిగి ఎత్తుకున్నాం. ఆ వేళకి సబ్‌వే వద్దనుకుని టాక్సీ పిలిచాం. బ్రిడ్జి ఖాళీ, పావుగంటలో ఫిఫ్త్ అవెన్యూలో దింపాడు.

ఫిఫ్త్ అవెన్యూ నుంచి లోపలికి వెళ్ళే సన్నటి తోట దారి ఉంది, దాన్ని ఛానెల్ గార్డెన్స్ అంటారు. దారికి రెండువైపులా బూరలెత్తి ఊదుతున్న తెల్లటి తీగల దేవదూతలు, లోపల సన్న లైట్లు. వాటి మధ్య నుంచి చూస్తే ఎదురుగా చెట్టు, కింద ఖాళీ ఐస్ రింక్, రింక్ ఒడ్డున గ్రీకు పురాణాల్లోని ప్రొమీథియస్‌ది బంగారు రంగు విగ్రహం. ఒకతను నీళ్ళు కొట్టి నేల కడుగుతున్నాడు. బారికేడ్లు ఇంకా గోడకి చేరేసే ఉన్నాయి. ట్రైపాడ్లు పెట్టుకున్న ఫోటోగ్రాఫర్లు ఇద్దరు ముగ్గురు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తిరుమలలో సుప్రభాతం వేళ మాడవీధిలో నిలబడ్డట్టుంది రా" అంది మా ఆయనతో. అప్పుడే కళ్ళు తెరిచిన పాప ఆయన భుజం మీద నుంచి చెట్టుని చూసి, "ఇది మన ఒక్కళ్ళకేనా?" అని అడిగింది.

దగ్గరగా వెళ్తే లైట్లు ఒక్కొక్కటీ విడిగా కనపడతాయి. దాదాపు 50,000 ఎల్ఈడీలు, కొమ్మల లోపలి దాకా చుట్టి ఉంటాయి. అందుకే చెట్టు పైపైన మెరిసినట్టు కాకుండా లోపల్నుంచి వెలుగుతున్నట్టు ఉంటుంది. పైన నక్షత్రం 2018లో పెట్టిన కొత్త డిజైన్, 70 ముళ్ళతో, 30 లక్షల స్ఫటికాలతో, 900 పౌండ్ల బరువు. ఇదంతా ఎవరు మొదలుపెట్టారని అత్తయ్య అడిగింది. 1931లో, పనులు దొరకని గడ్డు రోజుల్లో, ఈ భవనాలు కడుతున్న కూలీలు తలా కొంత వేసుకుని ఇరవై అడుగుల చిన్న చెట్టు తెచ్చి ఇక్కడే నిలబెట్టుకున్నారు. కాగితాలతో, క్రాన్‌బెర్రీ పళ్ళతో దండలు గుచ్చి అలంకరించారు. రెండేళ్ళ తర్వాత, 1933 నుంచి, ఇది అధికారిక పండగ అయింది. "పండగైపోయాక ఇంత చెట్టునీ ఏం చేస్తారమ్మా, పారేస్తారా?" అన్నది ఆవిడ రెండో ప్రశ్న. పారేయరు. 2007 నుంచి దాన్ని కోసి కలప చేసి, పేదవాళ్ళకి ఇళ్ళు కట్టే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీకి ఇస్తున్నారు. ఆ మాట విన్నాక అత్తయ్య మొహం విప్పారింది.

ఎదురుగా రోడ్డు దాటితే సెయింట్ పాట్రిక్స్ కథీడ్రల్ అనే పెద్ద చర్చి, 1879లో తెరిచింది. తలుపులు తీశాక లోపలికి వెళ్ళి కూర్చున్నాం. చలికి బిగుసుకుపోయిన కాళ్ళకి ఆ వెచ్చదనం ప్రాణం పోసింది. ఎవరూ ఏమీ అడగరు, కాసేపు కూర్చోవచ్చు. ప్రార్థన జరుగుతుంటే మాత్రం వెనక బెంచీల్లోనే ఉండండి.

టికెట్ కొని చూసేది ఒక్కటే పెట్టుకున్నాం. రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో రాకెట్స్ అనే డాన్స్ బృందం వేసే క్రిస్మస్ షో. ఉదయం ఆటకి తీసుకున్నాం. చెట్టు నుంచి నాలుగడుగుల దూరం, వీధులు ఇంకా నిండలేదు, పైగా ఉదయం ఆటల టికెట్లు సాయంత్రం వాటికంటే చౌక. 1933 నుంచి వేస్తున్నారు ఈ షో. దాదాపు 6,000 సీట్లు, మూడు బాల్కనీలు. కింద ముందు వరసల కంటే మొదటి బాల్కనీ మేలు, ఎందుకంటే 36 మంది ఒకే వరసలో కాలెత్తడం, వరస చక్రంలా తిరగడం పైనుంచే తెలుస్తుంది. చెక్క సైనికుల నాట్యం చివర్లో ఫిరంగి పేలుతుంది. వరస మొత్తం ఒకరి మీద ఒకరు, మెల్లగా, వంగకుండా, బిర్రుగా వెనక్కి ఒరిగిపోతారు. ఎంత మెల్లగా అంటే మనం ఊపిరి బిగబట్టేస్తాం. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆఖర్లో ఏసు జననం ఘట్టంలో నిజం ఒంటెలు స్టేజి మీద నడుస్తాయి. "బొమ్మలా?" అంది. కావన్నాను. ఇంటర్వెల్ లేకుండా గంటన్నర. భాష తెలియకపోయినా పట్టింపు లేదు, అంతా కళ్ళకే. టికెట్ ఖరీదు ఎక్కువే, అయినా ప్రతి డాలరుకీ న్యాయం జరిగింది. మధ్యలో ఉన్న శాంటా కబుర్లు మాత్రం నాకు సాగదీసినట్టనిపించాయి, పాప మాత్రం వాటికే ఎక్కువ నవ్వింది.

షో అయి బయటికొచ్చేసరికి మధ్యాహ్నం, సిక్స్త్ అవెన్యూ నిండిపోయింది. అత్తయ్య కాళ్ళు చూసి సైకిల్ రిక్షావాళ్ళు చుట్టుముట్టారు. వాళ్ళ రేటు నిమిషాల లెక్క. ట్రాఫిక్‌లో ఆగినా మీటరు ఆగదు. ఒకతను దగ్గరే కదా అంటూ రేటు చెప్పకుండానే ఎక్కించబోయాడు. బండి మీద నిమిషానికి ఎంతో రాసి ఉండాలి, అది చదివి, ఎన్ని నిమిషాలో అడిగి అప్పుడు ఆలోచించండి. మేం వద్దని చెప్పి రెండు బ్లాకులు అవతలికి నడిచి టాక్సీ తీసుకున్నాం. నేరుగా హోటల్‌కి వెళ్ళి, తిని, పడుకున్నాం. శనివారం మధ్యాహ్నం న్యూయార్క్‌లో నిద్రపోవడమేమిటని అనుకోకండి. పెద్దవాళ్ళతో ట్రిప్ సాఫీగా సాగాలంటే ఈ నిద్రే ముఖ్యం. అటు మిడ్‌టౌన్‌లో రద్దీ తారస్థాయిలో ఉండేదీ ఆ వేళలోనే.

సాయంత్రం మా ఆయన, పాప మళ్ళీ చెట్టు దగ్గరికి వెళ్ళారు. అవెన్యూ నుంచి అవెన్యూకి ఒక్క బ్లాకు దాటడానికి అరగంట పైనే పట్టిందట. పోలీసులు బారికేడ్లు పెట్టి ఒకవైపే నడిపిస్తారు, వెనక్కి తిరగడానికి ఉండదు. నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి అందరూ ఒకేసారి అక్కడికే చేరతారు. ఫోటోలో చెట్టు కంటే ఫోన్లెత్తిన చేతులే ఎక్కువ పడ్డాయి. నేను, అత్తయ్య రూమ్ కిటికీలోంచి నది అవతల లైట్లు చూస్తూ కాఫీ తాగాం. టైమ్స్ స్క్వేర్ గురించి ఒక్క మాట: ఒకసారి చూసి వచ్చేయండి, కార్టూన్ బొమ్మల వేషాలు వేసుకున్నవాళ్ళతో ఫోటో దిగితే డబ్బులడుగుతారు.

బ్రూక్లిన్‌లో డైకర్ హైట్స్ అని ఇళ్ళన్నిటికీ లైట్లు కట్టే పేట ఉంది. చాలా బాగుంటుందని అందరూ అంటారు, నిజమే. కానీ సబ్‌వేలో గంటసేపు ప్రయాణం, తర్వాత చలిలో వీధి వీధీ నడక, అన్నీ కాపురముండే ఇళ్ళే కాబట్టి బాత్రూమ్ కోసం ఎక్కడికీ పోలేం. పెద్దవాళ్ళతో వద్దు.

ఆదివారం ఉదయం 7 ఎక్కి రెండోవైపు, చివరి స్టేషన్ దాకా. కోర్ట్ స్క్వేర్ నుంచి దాదాపు చివరి దాకా రైలు భూమి పైనే పోతుంది, వంతెన మీద నుంచి మాన్‌హాటన్ అంతా వెనక్కి జరుగుతూ కనపడుతుంది. ఫ్లషింగ్‌లో దిగాక బౌన్ స్ట్రీట్‌లోని మహావల్లభ గణపతి దేవస్థానానికి పావుగంట పైనే నడక, మేం టాక్సీలో వెళ్ళాం. 1977 జులై 4న ప్రతిష్ఠ జరిగిన గుడి ఇది, అమెరికాలో శాస్త్రోక్తంగా కట్టిన మొదటి గుళ్ళలో ఒకటి. 2022లో ఆ వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని పేరు కూడా కలిపారు. చెప్పులు విప్పాక రాతి నేల జిల్లుమంటుంది, ఒక జత మందపాటి సాక్సులు బ్యాగులో పెట్టుకోండి.

దర్శనమయ్యాక కింద బేస్‌మెంట్‌లో క్యాంటీన్. ప్లాస్టిక్ ట్రేలు, పొడవాటి బల్లలు, నంబరు పిలుస్తారు, వెళ్ళి తెచ్చుకోవాలి. అలంకారమేమీ ఉండదు. దోసె మాత్రం అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పెనం మీద నుంచి నేరుగా వస్తుంది. పొంగల్‌లో మిరియాలు పంటికి తగిలాయి, నెయ్యి వాసన వచ్చింది. సాంబారు కాస్త తీపి, తమిళంవైపు రుచి. చట్నీలో కారం లేదని అత్తయ్య పచ్చడి డబ్బా తీసింది. అయినా ఈ ట్రిప్పులో ఆవిడ కడుపునిండా, వేడిగా, అనుమానం లేకుండా తిన్నది ఇక్కడే. పది దాటితే ఆదివారం లైన్ మెట్ల దాకా వస్తుంది, తొమ్మిదిన్నరకల్లా కూర్చోండి.

తిరుగు రైలు మొయినిహాన్ ట్రైన్ హాల్ నుంచి. పాత పోస్టాఫీసు భవనంలో 2021 జనవరి 1న తెరిచిన హాలు, గాజు కప్పుతో అందంగా ఉంటుంది. కానీ మధ్య హాల్లో కూర్చునే కుర్చీలుండవు, టికెట్ ఉన్నవాళ్ళ వెయిటింగ్ రూమ్ వేరే ఉంది, పెద్దవాళ్ళని నేరుగా అక్కడికే తీసుకెళ్ళండి. టైముంటే కాస్త నడిచి మేసీస్ అనే పెద్ద స్టోర్ వాళ్ళు అద్దాల వెనక పెట్టే క్రిస్మస్ బొమ్మలు చూడొచ్చు, 1874 నుంచి పెడుతున్నారు. మేం వెళ్ళలేదు, సామానుంది. రైలు ప్లాట్‌ఫామ్ నంబరు చివరి నిమిషాల్లో వేస్తారు, అందరూ ఒక్కసారిగా ఎస్కలేటర్ వైపు దూసుకుపోతారు. దానికి మందు రెడ్ క్యాప్ సర్వీసు. ఎర్ర టోపీ పెట్టుకున్న ఆమ్‌ట్రాక్ మనుషులు సామాను మోసి, పెద్దవాళ్ళని లిఫ్టులో దింపి, మిగతా జనం కంటే ముందే రైలెక్కిస్తారు. చార్జీ లేదు, టిప్ ఇవ్వడం మర్యాద. అరగంట ముందే వెళ్ళి అడగండి. మమ్మల్ని దింపినతను నలుగురం ఎదురెదురుగా కూర్చునే టేబుల్ సీటు చూపించి మరీ వెళ్ళాడు.